ముందు నువ్వు తిను

ఈ కథ విన్న వైనం ముందుగా మనవి చేయడం మర్యాద. పార్వతీపురంలో ఒక పిల్లల డాక్టరు గారి వరండాలో, పేరు పిలిచేదాకా వేచి ఉన్నప్పుడు, పక్క బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ తన కూతురికి చెబుతుండగా ఇది చెవిన పడింది. కూతురి ఒళ్లో పసివాడు ఉగ్గు గిన్నె కనబడితే చాలు, పెదవులు బిగించేస్తాడట. కథ పూర్తిగా ఆ పెద్దావిడదే. ఆమె యాసను కాగితం మీదికి తేవడం చేతగాక మార్చిన మాటలు మాత్రమే నావి.

కొండ దిగువన ముళ్లకంచె వేసిన ఒక దొడ్డి ఉండేది. అందులో చుక్కమ్మ అనే మేక, ఆమె ఒక్కగానొక్క కొడుకు తుర్రు కాపురం. దొడ్డి వాకిలికి అడ్డం పెట్టిన తడిక పక్కనే పాకలో నల్లత్త అనే ముసలి గేదె ఉండేది.

చుక్కమ్మకు పాలు తగ్గిపోతున్నాయి. తుర్రుకు పళ్లు వచ్చాయి గానీ ఆకు ముట్టడు. డొక్కలు లోపలికి పోయాయి. గంతులు మానేసి తల్లి నీడలో కూలబడుతున్నాడు. వానలు ముదిరేలోగా వాడు మేత మరగకపోతే తనకు దక్కడని చుక్కమ్మకు తెలుసు. తెలిసిన కొద్దీ ఆమె గొంతులో కంగారు పెరిగేది.

"నా బంగారు కొండ కదూ, ఒక్క ఆకు," అంటూ లేత అవిసాకు కుడితిలో ముంచి నోటికి అందించేది.

"నువ్వు తిను," అనేవాడు తుర్రు.

"నా సంగతి తర్వాతలేరా. నువ్వు తిను."

"ఊఁహూఁ. నువ్వే తిను."

"చూశావా అత్తా, ఎదురు మాటలు! ఇంత పెంకితనం మా వంశంలో లేదు."

"ఎందుకు లేదే! నువ్వు మీ అమ్మను ఏడిపించింది నేను చూడలేదనుకున్నావా?" అనేది నల్లత్త, నెమరు ఆపకుండా.

గాడిద ఒకటి దారిన పోతూ, పొదుగుకు వేపాకు రాస్తే పాలు మానేస్తాడని చెప్పింది. చుక్కమ్మ పోయి వేప మొక్కల ఆకులకు పొదుగు ఒరుసుకుని వచ్చింది. తుర్రు నోరు పెట్టాడు, మొహం ముడిచాడు, ఏడుస్తూనే మళ్లీ నోరు పెట్టాడు. ఆ ఏడుపు చూడలేక తల్లి పరుగున పోయి పిల్లకాలువలో నిలబడి పొదుగు కడిగేసుకుంది. ఆపైన వాడు నిద్రపోయాక, వాడు వదిలేసిన కాడలు నాలుగు అటు తిరిగి గబగబా నమిలింది. కొన్నాళ్లుగా ఆమె భోజనం అదే.

ఆ సమయంలో ఒద్దికయ్య అనే నక్క కంచె దగ్గరికి వచ్చాడు. పేరుకు తగ్గట్టు తోక ముడిచి, తల వంచి నిలబడ్డాడు.

"అక్కయ్యగారూ, బాబు ఏడుపు విని మనసాగక వచ్చాను. మేత ముట్టడం లేదా?"

"నీకెందుకయ్యా?"

"అలా అనకండి. పసివాళ్లకు తొలి మేత తినిపించడంలో నాది మంచి హస్తవాసి. వాగు అవతల ఎవరినైనా అడగండి. నా చేతిలో పడ్డ పిల్ల మళ్లీ పాల కోసం ఏడిస్తే ఒట్టు."

అందులో అబద్ధం లేదు. ఆ పిల్లలు మళ్లీ దేని కోసమూ ఏడవలేదు.

"నీకు హస్తమెక్కడిదిరా? అది పంజా కదూ?" అంది నల్లత్త.

"పెద్దవారు, ఏమన్నా పడతాను. అక్కయ్యగారూ, ఈ ఒక్క పూటా బాబును నా వెంట వాగు అవతలికి పంపండి. అమ్మ ఎదుట ఉంటే పిల్లలు గారాలు పోతారు. సందెవేళకు కడుపు నిండి ఉంటుంది, నాదీ పూచీ."

వచ్చింది నక్క అని చుక్కమ్మకు తెలియక కాదు. 'నువ్వు కాస్త కూర్చో, నేను తినిపిస్తాను' అనే మాట ఇన్నాళ్లలో ఆమెతో ఎవరూ అనలేదు. ఆ మాటకే ఆమె కాలు తడిక వైపు పడింది. అంతలో తుర్రు చల్లని ముక్కు వెనక కాలికి తగిలింది. ఆమె ఆగింది.

"తమ్ముడూ, హస్తవాసి చేతికి ఉంటుంది గానీ వాగుకు ఉండదు కదా! చెయ్యి వెంటే తెచ్చుకున్నావు. ఇక్కడే తినిపించు."

నల్లత్త లేచి వచ్చి, నక్క తలా ముంగాళ్లూ పట్టేంత సందు వదిలి, తడికకు అడ్డంగా నిలబడింది. ఒద్దికయ్య లెక్క వేసుకున్నాడు. ఒక్క ఆకు తినిపిస్తే నమ్మకం కుదురుతుంది, రేపు తల్లే వాగు దాటించి పంపుతుంది. అవిసె మండ అందుకున్నాడు.

"ఏదీ బాబూ, ఆఁ అను."

"నువ్వు తిను," అన్నాడు తుర్రు.

"నేను తినే వచ్చాను నాన్నా."

"ఏం తిన్నావు?"

ఒద్దికయ్య మూతి తుడుచుకున్నాడు. "అదీ... ఆకులే."

"ఆకులు తినేవాడివే అయితే మొహమాటం దేనికి నాయనా?" అంది నల్లత్త.

తప్పక ఒక రెమ్మ నోట్లో వేసుకున్నాడు. మీసాలు వణికాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి, చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. "ఆహా! అమృతం!"

తుర్రు పకపక నవ్వాడు. ఆ నవ్వు వినడానికి మొహం వాచి ఉన్న తల్లి కదలకుండా నిలబడిపోయింది.

"మళ్లీ!" అన్నాడు తుర్రు, ముక్కుతో మండను ముందుకు నెట్టి. "నా బంగారు కొండ కదూ, ఇంకొక్కటి. నమలాలి. ఉమ్మేయకూడదు. ఏదీ, నోరు చూపించు?"

ఆ గొంతు అచ్చం చుక్కమ్మదే. నక్క తిన్నాడు. మళ్లీ తిన్నాడు. నోటి పక్క నుంచి వేలాడుతున్న రెమ్మను చూసి, ఇందులో ఏముందో చూద్దామని తుర్రు మెడ చాచాడు. ఆ మెడ అంత దగ్గరికి వచ్చేసరికి ఒద్దికయ్య నోట లాలాజలం ఊరింది. ఆకు కోసం ఊరింది కాదని చుక్కమ్మ చూసింది. ఒక్క ఉదుటున మధ్యలో దూరి, నక్క మూతిని తలతో నెట్టి, మండ లాక్కుంది.

మండ ఆమె నోట్లో ఉంది. ఆకలి కడుపు. దవడలు వాటంతట అవే ఆడసాగాయి.

తుర్రు కళ్లు పెద్దవి చేశాడు. "అమ్మా! నువ్వు తింటున్నావా?"

మరుక్షణం అదే మండకు రెండో కొసన నోరు పెట్టాడు. ఒక ఆకు తెంపాడు. తల్లి దవడ ఎటు కదిలితే తన దవడ అటు కదుపుతూ నమిలాడు. మింగాడు. ఇంకొకటి తెంపాడు.

చుక్కమ్మకు నమలడం ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. వాడు అన్నాళ్లూ అన్నది ఎదురుమాట కాదు. చూపించమని అడిగాడు. తాను తినడం వాడి కంట ఎన్నడూ పడనివ్వలేదు.

"చూశారా నా హస్తవాసి!" అన్నాడు ఒద్దికయ్య, తేన్పు ఆపుకుంటూ. "మరి నా సంభావన..."

"పద నాయనా, సాగనంపుతాను," అని నల్లత్త కొమ్ములు వంచింది. ఒద్దికయ్య మర్యాదలన్నీ మరిచి పరుగు తీశాడు.

తర్వాత ఏ దొడ్డిలో పిల్ల మేతకు మారాం చేసినా, "ఒద్దికయ్యను పిలవండమ్మా, ఆకు తిని చూపిస్తాడు!" అని తల్లులు కేకవేసేవారు. నవ్వే పిల్లలను భయపెట్టలేక అతడు తనను ఎరగని కొండలు వెతుక్కుంటూ పోయాడు. నల్లత్త ఆ ఉపాయమంతా తనదేనని చెప్పుకుంటూ చాలా వానాకాలాలు బతికి, నెమరు వేస్తూనే కన్నుమూసింది. చుక్కమ్మ ఒళ్లు చేసింది. తుర్రు దుక్కలా పెరిగాడు. ఒక ఉదయం వాడు పొదుగు వైపు తిరగకుండానే అవిసె మొక్కల దగ్గరికి నడిచిపోయాడు. చుక్కమ్మ కాసేపు ఉన్నచోటనే, పాలిచ్చేటప్పటిలా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. ఆ తర్వాత వెళ్లి వాడి పక్కన మేయసాగింది.

నీతి: బిడ్డకు తినడం నేర్పదలచిన తల్లి, ముందుగా తాను ఆ బిడ్డ ఎదుట కూర్చుని కడుపారా తినాలి.