లప్పం ముగ్గులు

అనగనగా ఒక ఊళ్ళో, రైలు కూత తప్ప వేరే అలికిడి లేని ఊళ్ళో, మంగతాయారమ్మ అని ఒక అత్తగారు ఉండేది. ఆవిడకి హైమ అని ఒక కోడలు. వాళ్ళ వంటింటి గోడ పొడుగునా తొమ్మిది తలుపుల చెక్క అలమర. ఊఁ కొట్టు పండూ, లేకపోతే నిద్రపోయావనుకుని ఆపేస్తాను.

మంగతాయారమ్మ ఒక సంగతి దాచుకుంది. ఏడాదిగా ఆవిడ కళ్ళకి పొగమంచు కమ్మింది. కిటికీ ఒక తెల్లటి మరక, కోడలు కదిలే నీడ, అంతే. ఎవరితోనూ అనలేదు. అంటే తనని పొయ్యి దగ్గరికి రానివ్వరని బెంగ. వంట కూడా పోతే ఆ ఇంట్లో తనకింకేం మిగులుతుంది?

మరి ఎలా వండేదంటావా? అలమరే దారి చెప్పేది. ఒక తలుపు కాఫీపొడి వాసన వేసేది. ఇంకోదాని వెనక ఉప్పు జాడీ, ఆ చెమ్మకి పాత రంగు బుడిపెలు బుడిపెలుగా లేచింది. పప్పుల తలుపుకేమో ఎప్పుడో రోకలి తగిలి గుంట పడింది. ఇలా తొమ్మిదింటికీ తొమ్మిది గుర్తులు. చేతికి గుర్తులే తెలుసు గానీ, ఎన్నో తలుపు ఏదని ఆవిడ ఏనాడూ లెక్క పెట్టుకోలేదు.

ఒకరోజు హైమ లేత నీలం రంగు డబ్బా తెచ్చింది.

"రంగులవాడెందుకు అత్తయ్యా, నేనే వేసేస్తాను. ముందు చెక్కని సిద్ధం చెయ్యాలి, లేకపోతే నాలుగు రోజుల్లో పెచ్చులూడిపోతుంది" అంది.

పిల్ల సరదా పడింది, కాదని ఎలా అంటుంది? మంగతాయారమ్మ సరేనంది.

మొదటి రోజు హైమ కుంకుడు రసంతో తలుపుల జిడ్డు వదలగొట్టింది. జిడ్డుతో పాటు కాఫీ వాసనా పోయింది. ఆ తర్వాత రెండో రోజు ఉప్పుకాగితం పెట్టి బరబరా రుద్దింది. బుడిపెలు పోయాయి. అప్పుడు మూడో రోజు లప్పం కలిపింది. లప్పమంటే చెక్కలో గుంటలు పూడ్చే తెల్లటి మెత్తటి ముద్ద. రోకలి గుంటా పూడిపోయింది. ఆ మూడు రోజులూ హైమే వండింది. మంగతాయారమ్మ గడప దగ్గర కూర్చుని అన్నీ వింటూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం హైమ అలిసిపోయి చాప మీద కునుకు తీసింది. పాపం, లేచేసరికి కాఫీ ఇద్దామని మంగతాయారమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఒక తలుపు మీద చెయ్యి వేసింది. నున్నగా ఉంది. పక్కదీ నున్నగానే. ఆ పక్కదీ అంతే. ఆవిడకి మబ్బుల్లో నడుస్తున్నట్టయింది, ఎంత నడిచినా మబ్బే.

"ఇదెవరిల్లు?" అని పైకే అనేసింది. అప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది.

హైమ ఉలిక్కిపడి లేచింది. "ఏం వెతుకుతున్నారు అత్తయ్యా?"

ఈసారి మంగతాయారమ్మ దాచలేదు. "నాకు కనపట్టం లేదే అమ్మాయ్. ఏడాదైంది. తలుపుల మీది గుర్తులు తడుముకునే వండుతున్నా. నా పొయ్యి మాత్రం నాకుండనీ" అంది.

 హైమ గిన్నెలో మిగిలిన లప్పంలో కాసిని నీళ్ళు కలిపి అత్తగారి చేతికిచ్చింది.

"రంగు రేపు కదా. ఇవాళ ఈ తలుపుల మీద మీరు ముగ్గు పెట్టండి."

లప్పం తడి బియ్యప్పిండిలా వేళ్ళకి తగిలింది. వేళ్ళకి అరవై ఏళ్ళ అలవాటాయె! చుక్క పెట్టింది, చుక్క చుట్టూ గీత తిప్పింది. ఏ తలుపు వెనక ఏముందో హైమ చెబుతుంటే ఉప్పుకి చుక్కలు, కాఫీకి మెలిక, పప్పులకి తీగ, అలా తొమ్మిదింటికీ ముగ్గులు పెట్టేసింది. రాత్రికి అవి ఆరి గట్టిపడి ఉబ్బెత్తుగా నిలిచాయి. ఆ తర్వాత వాటి మీదుగానే నీలం రంగు పడింది. తెల్లారుజాము ఆకాశమే వంటింట్లోకి దిగొచ్చినట్టుందట.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా అంటావు, నాకు తెలుసు. వెళ్ళారు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పక్కింటావిడ వచ్చి, "అబ్బ, తలుపుల మీద ఈ ముగ్గులెవరు పెట్టారండీ?" అని అడిగింది.

"నేనే పెట్టుకున్నా. నాకు కళ్ళు కనపడవు గదా" అంది మంగతాయారమ్మ, వీధంతా వినపడేలా. "కూర్చో, కాఫీ పట్టుకొస్తా."

కథ మెల్లగా కంచికి,
కోడలమ్మ మంచానికి,
అత్తగారు వంటింటికి,
మనమిద్దరం మనింటికి!