సగముందన్న గోరింక

రండమ్మా, దగ్గరకు జరగండి. చాప చివర కూర్చున్న తల్లులు కాస్త ముందుకు రావాలి. నా గొంతు పెద్దదే గాని, ఈ కథ చెవిలో చెప్పాల్సింది. ఒక్కసారి గోవింద కొట్టండి. గోవిందా! ఇంకా గట్టిగా! ఆ, అదీ. అదిగో, స్తంభం పక్కన ల్యాప్‌టాప్ మూసి నిట్టూర్చిన నాయనా, నువ్వూ రా. ఛార్జింగ్ నలభై శాతం ఉందని చెప్పి చటుక్కున కళ్ళు మూసిందా? కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారా? అయితే ఈ కథ నీదే.

ఒక కొండదారి. దారి సగంలో ఒక చలివేంద్రం. చలివేంద్రంలో ఒక తల్లి.

ఆ తల్లికో మొక్కు ఉంది. స్వామి కొండ ఎక్కేవాళ్ళెవరూ తన పందిరి కింద నుంచి ఎండిన పెదవులతో పోకూడదు. ఊటేమో కింద లోయలో ఉంది. వెళ్ళి నీళ్ళు మోసుకురావడానికి ఒక పూట పడుతుంది. అందుకని ఆమె, బానలు చేసి అమ్మే ఒక పెద్ద మేడ ఉంటే, ఆ పేరుమోసిన మేడవారి బాన తెచ్చుకుంది.

అబ్బ, ఏం బాన! మూతికి లక్క ముద్ర. లోపలికి నీళ్ళు పోయడానికి భుజాన చిన్న కన్నం, బయటికి పట్టుకోవడానికి పక్కన ముక్కు. మూత మీద ఒక గోరింక, దాని మెడలో ఎర్రదారం. లోపల నీళ్ళెన్ని ఉన్నాయో గోరింకే చెబుతుంది. తగ్గాయని అది చెప్పినప్పుడు ఊటకు బయలుదేరితే చాలు.

"ఎంతుందే?"

"సగముంది!"

తల్లి పొంగిపోయేది. పక్కదారిన ఉప్పు మోసుకుపోయే గాడిదల మనిషి మాత్రం నవ్వేవాడు. "అక్కా, నీ పిట్ట అమావాస్యనాడు కూడా పున్నమే అంటుంది చూడు!"

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చి దోసిలి పట్టింది. గోరింక సగముందంది. తల్లి బాన ముక్కు వంచింది. ఒక్క చుక్క రాలింది. ముసలమ్మ ఆ చుక్క నాకి, "చాల్లే తల్లీ" అని కర్ర ఊతంగా ఎక్కిపోయింది. ఆ చాల్లే అన్న మాట తల్లి గుండెలో నిప్పుకణికలా పడింది. ఇంకో నాలుగు రోజుల్లో తిరునాళ్ళు. వేలమంది వస్తారు. అందరికీ ఒక్కొక్క చుక్కేనా?

బానను గాడిద మీద కట్టించుకుని మేడకు పోయింది.

మేడకు బోలెడు కిటికీలు, ప్రతి కిటికీకీ తెర. తెర వెనక మనిషి కనబడడు, గొంతు వినబడుతుంది. "వేచి ఉండండి. మీ దాహమే మా దైవం." వెంటనే లోపల సన్నాయి మొదలైంది. ఒకటే పల్లవి. చరణం లేదు. గాడిద కూడా విసుగెత్తి గొంతు కలిపింది.

మొదటి కిటికీ అడిగింది, "బాన బోర్లించి మళ్ళీ నిలబెట్టారా?"

"మూడుసార్లు, నాయనా."

"నాలుగోసారి నిలబెట్టండి."

రెండో కిటికీ అంది, "మేం చూసేది బాన. పిట్ట సంగతి పక్క కిటికీలో."

మూడో కిటికీ ఊరికే మాట్లాడలేదు, పరీక్ష చేసింది. ఎలా చేసిందంటారు? గోరింకనే అడిగింది! "ఎంతుంది?"

"సగముంది!"

"విన్నారా అమ్మా? బాన నిక్షేపంగా ఉంది."

తల్లి అక్కడికక్కడే బానను తలకిందులు చేసింది. ధూళి కూడా రాలలేదు.

"మీ దగ్గర తాగేవాళ్ళు ఎక్కువమ్మా. తగ్గించుకోండి. ముద్ర మాత్రం విప్పకండి. విప్పితే మీకూ మాకూ సంబంధం లేదు."

అప్పుడే గాలికి తెర లేచింది. లోపల ఒక కుర్రవాడు. మొహం కిటికీవైపే ఉంది. మెడలో ఎర్రదారం.

తల్లి బానను మళ్ళీ గాడిద మీద కట్టించుకుంది. తిరిగి వచ్చింది.

తిరునాళ్ళ రోజు. డప్పులు! కాషాయపు జెండాలు! కొండదారి నిండా జనం! పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. తెల్లవారుజామునే తల్లి నింపిపెట్టిన బాన నుంచి వందమంది తాగారో లేదో, ముక్కులో ధార సన్నబడింది.

"ఎంతుందే?"

"సగముంది!"

తల్లి కళ్ళు మూసుకుని స్వామిని తలచుకుంది. గుండ్రాయి అందుకుని లక్క ముద్ర మీద ఒక్క దెబ్బ వేసింది.

"అక్కోయ్, విప్పితే ఇక వాళ్ళు పలకరే!" అని అరిచాడు ఉప్పు మనిషి.

"విప్పకముందు పలికారా తమ్ముడూ?"

కొంగు బిగించి, మోచెయ్యి దాకా చెయ్యి లోపల పెట్టింది. చేతికి తగిలింది నీళ్ళు కాదు, బురద. ఏళ్ళుగా పేరుకుని, ముక్కు దాకా వచ్చిన జిగట బురద. సగముందన్న మాట నిజమే మరి. సగముంది బురద!

గోరింక బాన వంక చూడనే లేదు. చూడాలన్నా కుదరదు. ఎర్రదారం దాని మెడను బయటివైపుకే బిగించి ఉంచింది. తల్లి నిమ్మకాయలు కోసే కత్తితో దారం తెంపింది.

"ఇన్నాళ్ళూ సగమన్నావేమే?"

"సగమంటే అందరి మొహాలూ వెలిగేవి అమ్మా. నాకు కనబడేవి మొహాలే."

గోరింక మెల్లగా మెడ తిప్పింది. మొదటిసారి లోపలికి చూసింది. రెక్కలు టపటపలాడించి కొండ మారుమోగేలా అరిచింది. "లేవు! నీళ్ళు లేవు! తెండి!"

జనం తోసుకుంటారని తల్లి భయపడింది. ఎవరూ తోసుకోలేదు. లేవని తెలిసిన మనిషి కదులుతాడు. చెంబు ఉన్నవాడు చెంబు తీశాడు, డప్పు కొట్టేవాడు డప్పు పక్కన పెట్టి బిందె అందుకున్నాడు. పందిరి నుంచి ఊట దాకా బారు తీరారు. చేతి నుంచి చేతికి, గోవిందా! చెంబు నుంచి చెంబుకు, గోవిందా! ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో బాన కడిగారు. నీళ్ళు లోయలోంచి నడిచి పైకొచ్చాయి. ఆనాటి ముసలమ్మ మళ్ళీ వచ్చి దోసిలి పట్టింది. మోచేతుల నుంచి కారిపోయేదాకా తల్లి పోస్తూనే ఉంది. ఈసారి ముసలమ్మ చాలనలేదు!

సాయంత్రం తల్లి ఆ ఎర్రదారం ముక్కను ఉప్పు మనిషి చేతిలో పెట్టింది. "అటు వెళ్ళినప్పుడు మూడో కిటికీలో పెట్టు తమ్ముడూ."

వారం తిరిగాక అతను వచ్చి చెప్పాడు. మేడలో సన్నాయి మోగుతూనే ఉందట. మూడో కిటికీలో మాత్రం ఆగిపోయిందట. బాన పట్టుకుని ఎవరొచ్చినా ఆ తెర వెనక గొంతు, "కాస్త ఉండండమ్మా, లోపలికెళ్ళి చూసొస్తాను" అంటోందట.

అమ్మలారా, అయ్యలారా, మేడను మరిచిపోండి, కిటికీలు మరిచిపోండి, నన్నూ మరిచిపోండి. ఆ తల్లి చెయ్యి లోపల పెట్టింది. అదొక్కటి గుర్తుంచుకోండి. ఇంటికెళ్ళాక మీరూ పెట్టండి.

స్తంభం పక్కన నాయనా, నువ్వు కూడా.