మంత్రసానికి మహారాజు పూచీ

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని రణభీకరుడనే రాజు ఏలేవాడు. పేరుకే రణభీకరుడు. సింహాసనం నుంచి భోజనశాలకు కూడా పల్లకీలోనే వెళ్ళేవాడు.

ఆయనకు పురుడు పోసిన మంత్రసాని నూకాలమ్మ ఒకనాడు సంతలో, "మన రాజుగారు పుట్టినప్పుడు అచ్చం కోతిపిల్లలా ఉన్నారర్రా!" అంది. ఆ మాట కోటకు చేరింది. రాజు మండిపడి ఆమెను చెరసాలలో వేయించాడు.

విచారించాల్సిన న్యాయాధికారి చూస్తే కాశీయాత్రలో ఉన్నాడు. రావడానికి నెలలు పడతాయి. ఊళ్ళో నిండు చూలాళ్ళంతా బెంబేలెత్తిపోయారు.

ఆస్థాన విదూషకుడు గుండంభట్టు లేచాడు. "ప్రభూ, నేరం ఇంకా రుజువు కాలేదు. శిక్ష మాత్రం అప్పుడే మొదలైపోయింది. తీర్పు వచ్చేదాకా ఆమెను పూచీ మీద వదలండి."

"అంటే నేరం మాఫీయా?"

"కాదు ప్రభూ. విచారణ జరిగి తీరుతుంది. పిలిచిననాడు ఆమె వస్తుందని ఒక పెద్దమనిషి పూచీ పడతాడు. రాకపోతే ఆయనే లోపల కూర్చుంటాడు."

ఇప్పుడు మనం బెయిలు అంటామే, అదే. కాకపోతే ఇప్పుడు జామీనుదారు సొమ్ము పోతుంది, ఆ రాజ్యంలో మనిషే చెరసాలకు పోయేవాడు.

రాజు మీసం దువ్వాడు. "సరే. పూచీ పడేవాడికి ఆస్తి ఉండాలి. పారిపోయే రకం కాకూడదు. అలాంటివాణ్ణి చూపించు, ఇప్పుడే వదిలేస్తాను. ఇది రాజవాక్కు!" తన కోపానికి ఎదురొచ్చేవాడెవడని ఆయన ధీమా.

"తమరే ప్రభూ!"

"నేనా?"

"రాజ్యమంతా తమ ఆస్తే. ఇక పారిపోవడమంటారా, తమరు పరిగెత్తగా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు."

సభ గొల్లుమంది. మాట ఇచ్చేశాడు కదా, రాజు పళ్ళు నూరుతూ పూచీ పడ్డాడు. నూకాలమ్మ బయటికొచ్చి, ఆ సాయంత్రమే కంసాలివారి కోడలికి పురుడు పోసింది.

న్యాయాధికారి తిరిగొచ్చాడు. విచారణ నాడు రాజుకు ముద్ద దిగలేదు. "వచ్చిందా? వచ్చిందా?" అని ద్వారపాలకుణ్ణి పీక్కుతిన్నాడు. చివరికి నూకాలమ్మ తాంబూలం నములుతూ తాపీగా వచ్చింది, వెనకే గుండంభట్టు.

"ఆ మాట అన్నావా?" అన్నాడు న్యాయాధికారి.

"అన్నాను బాబూ. తమకు పురుడు పోసిన చెయ్యి కూడా ఇదే. తమరెలా ఉండేవారో చెప్పమంటారా?"

న్యాయాధికారి గబగబా ఫిర్యాదు కొట్టేశాడు.

రాజు ఊపిరి పీల్చుకుని, "భట్టూ, ఆమె రాకపోతే నిజంగా నన్ను లోపల వేయించేవాడివా?" అన్నాడు.

"వేయించేవాణ్ణే ప్రభూ. ఆ వెంటనే తమకు పూచీ పడేవాడి కోసం ఊరంతా గాలించేవాణ్ణి."

"దొరికేవాడా?"

"దొరకడనే భయం. అందుకే పొద్దున్నే వెళ్ళి నూకాలమ్మను దగ్గరుండి తీసుకొచ్చాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, భుజం మీది పట్టుశాలువా తీసి భట్టుకు కప్పి, మంత్రసాని చేతికి బంగారు కడియం తొడిగించాడు.