పెంచలమ్మ గారి పై దవడ

హిమజ మేడమ్ మా పళ్ళాసుపత్రికి వచ్చి ఎనిమిది నెలలైంది. పళ్ళు పీకడం, కుట్లు వెయ్యడం, అన్నీ చేస్తోంది. పై దవడలో ఎముక పెంచే ఆపరేషన్ ఒక్కటే మా పెద్ద డాక్టరు మస్తానయ్య సార్ ఆమె చేతికి ఇవ్వడం లేదు. ఆమె దిగులంతా అదే.

వెనక పళ్ళు ఊడి ఏళ్ళు గడిస్తే పై దవడ ఎముక కరిగి పలచబడిపోతుంది. కొత్త పన్ను నిలబెట్టే ఇంప్లాంట్ మర బిగిద్దామంటే పట్టు దొరకదు. ఆ ఎముకకు పైన సైనస్ అని ఒక గాలి గది ఉంటుంది. చెంప వైపు ఎముకలో చిన్న కిటికీ తెరిచి, ఆ గది అడుగునున్న పొరను మెల్లగా పైకి లేపి, కింద ఎముక పొడి నింపాలి. పొర మాత్రం చిరక్కూడదు. గుడ్డు పెంకు లోపల పొర ఉంటుంది చూడండి, అంత పలచన.

అందుకే సార్ ఆమెకు గుడ్లు ఇచ్చారు. పచ్చి గుడ్డు పెంకును డ్రిల్లుతో అరగదీసి, లోపలి పొర చిరక్కుండా కిటికీ తెరవాలి. ఆమె తెరిచింది. ఒకటా రెండా, డెబ్బై! ఆ గుడ్లన్నీ వచ్చి నా నెత్తిన పడ్డాయి. నేను అక్కడ నర్సుని, కరుణ నా పేరు. ఆ రెండు నెలలూ పెంకు పొడి ఏరలేక నా కళ్ళు పోయాయి, ఆమ్లెట్లు తినలేక స్టాఫంతా నన్ను చూస్తే పారిపోయారు.

ఒకరోజు ఆమె అడిగేసింది. "సార్, చివరి నలభై గుడ్లలో ఒక్క పొర కూడా చిరగలేదు. ఇంకా ఏం నేర్చుకోవాలి?"

సార్ మీసాల్లో నవ్వుకున్నారు. "సోమవారం పెంచలమ్మ గారికి నువ్వే చెయ్యమ్మాయ్."

పెంచలమ్మ గారు చెక్కలూ జంతికలూ చేసి అమ్మే మనిషి. ప్రతి వాయీ కొరికి చూడందే అమ్మదు. వెనక పళ్ళు పోయాక కోడలి చేత కొరికిస్తోంది. "దానికి కరకరేదో మెత్తనేదో తెలిసి చావదు తల్లీ" అని నా దగ్గర ఒకటే గోల. చిన్న డాక్టరమ్మ చేస్తుంది, తాను పక్కనే ఉంటానని సార్ ముందే చెబితే సరేనంది.

సోమవారం మేడమ్ కిటికీ తెరిచింది. ఎంత ముచ్చటగా తెరిచిందో! లోపల నీలంగా పొర కనబడింది. పెంచలమ్మ గారు ఊపిరి పీల్చినప్పుడల్లా అది కదులుతోంది. మేడమ్ మెల్లగా లేపడం మొదలెట్టింది. సగం లేచిందో లేదో, సర్రున చిరిగింది. చిన్న చిరుగైతే అతుకు వేసి ముందుకు వెళ్ళొచ్చు. ఇది బొటనవేలి గోరంత ఉంది.

ఆమె సార్ వైపు చూసింది. సార్ గ్లవ్స్ తీసేశారు. ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయనకేం పోయేకాలం, పిల్ల అల్లాడిపోతుంటే చేతులు కట్టుకుని చూస్తారా అనుకున్నాను.

మేడమ్ చెయ్యి అతుకు వైపు వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వెళ్ళింది. అతుకు మీద అతుకు వేసి పొడి నింపేస్తే ఇవాళ్టికి ఎవరికీ తెలియదు. రేపు ఆ పొడి సైనస్‌లోకి జారి చీము పడితే ఏడ్చేది పెంచలమ్మ గారు.

"కుట్లు వేసేద్దాం సిస్టర్" అంది చివరికి.

చేతులు కడుక్కుంటూ కుళాయి దగ్గర ఏడ్చేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. "పొర మరీ పలచగా ఉందని చెప్పండి మేడమ్, అబద్ధమేం కాదుగా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

"పెంచలమ్మ గారూ, పొర చిరిగింది. నా చేతిలోనే చిరిగింది. ఎముక పొడి వెయ్యకుండా మూసేశాను. అది మానడానికి నాలుగు నెలలు పడుతుంది. అప్పుడు మళ్ళీ తెరవాలి."

పెంచలమ్మ గారికి చెంప ఇంకా మొద్దుబారే ఉంది. "నాలుగు నెల్లా! అయితే దసరాక్కూడా నా కోడలే కొరకాల్నా?" అని తల పట్టుకుంది. తర్వాత సార్ వైపు తిరిగింది. "ఈసారి మీరే చెయ్యండి డాక్టరయ్యా."

మేడమ్ తల దించుకుంది. ఆ క్షణం నాకు ఆమెను చూడాలంటే కష్టంగా అనిపించింది.

సార్ కార్డు తీసుకుని తేదీ వేశారు. చేసే డాక్టరు పేరు దగ్గర హిమజ అని రాశారు.

"నా చేతిలో ఇప్పటికి పదకొండు చిరిగాయి పెంచలమ్మ గారూ" అన్నారు. "ఈ అమ్మాయి చేతిలో ఒక్కటే."

మేడమ్ చటుక్కున తలెత్తింది.

పెంచలమ్మ గారు సార్‌ని ఒకసారి, మేడమ్‌ని ఒకసారి ఎగాదిగా చూసింది. సార్ చేతిలోంచి కార్డు లాక్కుని మేడమ్ వైపు తిరిగింది.

"ఎన్నింటికి రమ్మంటావు పాపా?"