రాజుగారి దోమతెర

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే చండమార్తాండ మహారాజుకి తనకు తెలియని విషయం లోకంలోనే లేదని గట్టి నమ్మకం. అలాంటివాళ్లతో ఎంత చిక్కో మీకు తెలియనిది కాదు!

ఒకరోజు కొలువులో ఆయనకో ఆలోచన తట్టింది.

"మన యుద్ధనావలు పన్నెండేళ్లుగా నడిసముద్రంలో ఊరికే తిరుగుతున్నాయి. ఒక్క యుద్ధమైనా చేశాయా? వాటిని విరగ్గొట్టించి, ఆ కలపతో నాట్యమండపం కట్టించండి!"

సభంతా ఆహా, ఓహో అంది. విదూషకుడు సింగనకు మాత్రం తన ఊరు గుర్తొచ్చింది. అతనిది తీరాన ఉన్న బెస్తపల్లె. ఈ నావలు లేని రోజుల్లో ఓడదొంగలు ఊరి మీద పడితే, తల్లి అతన్ని వలల కుప్ప కింద దాచింది. అక్కను దాచలేకపోయింది. ఆ తల్లి ఇప్పటికీ అక్కడే ఉంటోంది.

మర్నాడు రాజు కొలువుకి వచ్చాడు. ముఖమంతా దద్దుర్లు, కళ్లు వాచి చింతకాయల్లా ఉన్నాయి.

"నా మంచానికున్న దోమతెర తీయించిందెవడు?"

"నేనే మహాప్రభూ" అన్నాడు సింగన చేతులు కట్టుకుని. "పన్నెండేళ్లుగా చూస్తున్నాను, మంచం మీద తమరిని ఒక్క దోమైనా కుట్టిందా? పనీపాటా లేని తెర ఎందుకని, విప్పించి పట్టపుటేనుగుకి తలపాగా చుట్టించాను."

"ఓరి తెలివితక్కువవాడా! తెర ఉండబట్టే కదరా కుట్టలేదు!" అని గర్జించి, రాజు టక్కున ఆగిపోయాడు. గోక్కోవడం కూడా మరిచిపోయాడు.

తర్వాత సభ వైపు తిరిగాడు. "సరే, నావలు విరగ్గొట్టొద్దు. కానీ అంత దూరాన ఎందుకు? కోట కింద రేవులో, నా కళ్లెదుట వరసగా కట్టేయించండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి."

"చిత్తం. తెరను కూడా చక్కగా మడతపెట్టి తమ తలగడ కింద పెట్టిస్తాను. ముచ్చటగా ఉంటుంది."

సింగన తన తల మీద ఆశ వదిలేసుకున్నాడు. ఇంతలో రాజు వాచిన బుగ్గలు పట్టుకుని పకపకా నవ్వాడు.

"నా నోటితోనే చెప్పించావు కదరా! నావలు నడిసముద్రంలోనే తిరుగుతాయి. ఏం కావాలో కోరుకో."

"ఆ దోమతెర ఇప్పించండి ప్రభూ, మా అమ్మకి."

రాజు దానితోపాటు తన ముత్యాలహారం కూడా ఇచ్చి పంపాడు.

తల్లి ఆ పట్టుతెర చూసి నవ్వింది. "ఈ గాలికి ఇక్కడ దోమలెక్కడివి నాయనా?" అంది. దూరాన నీళ్ల మీద తెల్లగా కదులుతున్న తెరచాపలు చూపించింది. "నా తెర అదిగో. అది చూసుకునే పడుకుంటాను."