వెనకటి తేదీ

ఎవరైనా ప్రశ్న తీసుకొస్తే ముందు వాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టడం నాంచారమ్మ గారి అలవాటు. పని పూర్తయ్యేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే సర్దుకుంటాయని కాబోలు. బందరులో ఆవిడ ఇంటి ముందుగదికి వేదాంత పాఠం వినడానికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ప్రశ్నలు మానుకున్నవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం కుముదిని వస్తూనే అడిగింది. "అమ్మగారూ, మనసు విరిగిపోయాక ఆ మనిషిని పూర్తిగా చెరిపేసుకోవడమే కదండీ సుఖం?"

ఆ మనిషి ఎవరో అమ్మగారికి చెప్పనక్కర్లేదు. పాఠంలో శ్లోకం చదివేది రాజ్యం, పాఠమంతా లాప్‌టాప్‌లో రికార్డు చేసేది కుముదిని. ఏళ్ళ తరబడి కలిసి వచ్చి కలిసి వెళ్ళినవాళ్ళు. కుముదిని రికార్డు చేసేది భక్తితో కాదు, అమ్మగారి కంట్లో పడాలనేనని రాజ్యం అన్నదని ఈమధ్య ఎవరో కుముదిని చెవిన వేశారు. నిజంగా అన్నదో లేదో కుముదిని అడగలేదు. మాట్లాడడం మానేసింది. రాజ్యమేమో పాఠానికి రావడమే మానేసింది.

"ముందు ఆ లాప్‌టాప్ సంగతి చూడు. పొద్దుటి నుంచి నీలం తెర చూపించి మొండికేస్తోంది" అన్నారు అమ్మగారు.

కుముదిని రిపేరు నొక్కింది. యంత్రం కాసేపు గింజుకుని తనవల్ల కాదంది. ఇక మిగిలినవి రెండు దారులు: వెనకటి తేదీకి తీసుకెళ్ళడం, లేదా అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. అసలే చిరాకు మీదున్న మనిషి, సరాసరి రెండోదాని మీదికే మౌస్ బాణాన్ని తీసుకెళ్ళింది.

"అది నొక్కితే ఏమవుతుంది?"

"శుభ్రంగా కొత్తదైపోతుందండీ."

"మరి మన పాఠాలు?"

కుముదిని వేలు ఆగిపోయింది. పాఠాలకు ఇంకో కాపీ లేదు. ఇన్నేళ్ళ అమ్మగారి మాట క్షణంలో గాల్లో కలిసిపోయేదే!

"ఆ మొదటిదో?"

"బాగున్న రోజుకి వెనక్కి వెళ్తుందండీ. పాఠాలు పోవు. ఆ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి."

"తర్వాత ఏం ఎక్కించావేమిటి?"

కుముదిని తల వంచుకుంది. నిన్న ఎక్కడి నుంచో ఒక ప్రోగ్రాము తెచ్చి ఎక్కించింది. పాఠాల్లోంచి రాజ్యం గొంతు తీసేసి అమ్మగారి గొంతొక్కటే మిగల్చాలని. ఆ పని ఇంకా మొదలుపెట్టనేలేదు. ఆ మాట దాచుకోవడానికి మనసొప్పలేదు. చివరికి చెప్పేసింది. అమ్మగారు కోప్పడలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

వెనకటి తేదీ ఎంచుకుని నొక్కితే, చాలాసేపటికి తెర మామూలైంది. సరిగ్గా ఉందో లేదో చూద్దామని కుముదిని ఒక పాఠం పెట్టింది. ముందు రాజ్యం దగ్గు వినిపించింది. "క్షమించండి అమ్మగారూ" అంటూ నవ్వు. పక్కనుంచి ఎవరో, "ఈ మంచినీళ్ళు తాగి చదవవే, తొందరేముంది" అంటున్నారు. ఆ గొంతు తనదే. కుముదినికి ఏడుపు ఆగలేదు.

కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదండీ" అంది.

"పోయినవేమైనా ఉన్నాయేమో సరిగ్గా చూసుకున్నావా?"

"నేను ఎక్కించిందొక్కటే పోయిందండీ."

"అయితే ఇంకా పొద్దుంది. రాజ్యం ఇల్లు దగ్గరే కదా" అన్నారు నాంచారమ్మ గారు.