రాజుగారి మూర

పూర్వం ఒక రాజ్యంలో ప్రతి సాలె ఇల్లూ ఏడాదికి పన్నెండు మూరల బట్ట కోటకు ఇచ్చుకోవాలి. ఒక ఏడు అధికారి భూషయ్య పొడుగు చేతుల వస్తాదు ఒకణ్ణి తెచ్చి, అతని చేత్తో కొలిపించాడు. నేతపని చేసే నాంచారమ్మ బట్ట పది మూరలే తేలింది.

"రెండు మూరలు తక్కువ. నీ మగ్గం జప్తు" అన్నాడు భూషయ్య.

మగ్గం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నాంచారమ్మ తిన్నగా రాజు దగ్గరికి వెళ్లింది.

"ప్రభూ, మూర అంటే ఎవరి మూర?"

"నా రాజ్యంలో నా మూరే మూర" అన్నాడు రాజు దర్జాగా.

"అయితే తమరే కొలవండి."

రాజు కొలిచాడు. సరిగ్గా పన్నెండు వచ్చింది.

ఆ మాట విని మర్నాడు సాలెలందరూ బట్టలతో కోట ముందు బారులు తీరారు. మధ్యాహ్నానికి రాజు చెయ్యి వాచింది. ఒకే బట్ట ఒకసారి పన్నెండు, ఇంకోసారి పదకొండున్నర వస్తోంది. ఆయన నాంచారమ్మను పిలిపించి, "ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు నీరసంగా.

"తమ మూర పొడవున కర్ర ఒకటి కోయించి కోటగుమ్మానికి కట్టించండి. కర్రకు నొప్పి పుట్టదు, మొహమాటమూ ఉండదు."

రాజు మూలుగుతూనే వడ్రంగికి కబురు పెట్టాడు.